కునుకు తీయందే కుర్రాణ్ణి ఇవ్వడు

ఎల్మర్ పావ్లిషిన్ తన జీవితంలో ఒక్క బేరం కూడా మెలకువగా ఉండి చెయ్యలేదు.

మా విల్లో బెండ్ ఊరి బ్యాడ్జర్స్ అనే మంచు హాకీ జట్టుకి ఆయన మేనేజరు. మా లీగులో మిగతా మేనేజర్లు ఒక కుర్రాణ్ణి ఇచ్చి ఇంకో కుర్రాణ్ణి తెచ్చుకోవాలంటే వీడియోలు చూస్తారు, లెక్కలు కడతారు, గోడ మీద రంగు రంగుల బిళ్ళలు అంటించి వాటి కేసి గంటల తరబడి చూస్తారు. ఎల్మర్ కునుకు తీస్తాడు. లేచి, చెంప మీద దిండు ముద్రతో, "ఇద్దాం" అనో "వద్దు" అనో అంటాడు. ఆ తర్వాత పైనుంచి దేవుడు దిగొచ్చినా మాట మారదు.

నా పేరు రస్ టాల్‌మన్. ఆ జట్టు ఆటలు రేడియోలో చెప్పేవాణ్ణి. గోలు పడినా పడకపోయినా అరవడం నా ఉద్యోగం. ఎల్మర్ పక్కన కూర్చుని ఆయన గుర్రు వింటూ గడిపిన చలికాలాలు లెక్కపెట్టుకుంటే నాకు సగం జుట్టు ఎక్కడ నెరిసిందో తెలిసిపోతుంది.

మా ఆటగాళ్ళందరూ పదహారుకీ ఇరవైకీ మధ్య వయసువాళ్ళు. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో వస్తారు. ఇక్కడ ఎవరో ఒకరు తమ ఇంట్లో ఓ గదిచ్చి, తిండిపెట్టి, సొంత పిల్లాడిలా చూసుకుంటారు. దాన్ని బిల్లెట్ ఇల్లు అంటాం. ఏటా మంచు కరిగాక జట్లన్నీ డ్రాఫ్ట్‌కి కూర్చుని పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లల్ని వంతులవారీగా ఏరుకుంటాయి. ఆ ఏరుకోవడం రౌండ్లుగా సాగుతుంది, మొదటి రౌండు వంతుకే విలువెక్కువ. ఆ వంతుని కూడా అమ్ముకోవచ్చు, కొనుక్కోవచ్చు. మూడేళ్ళ తర్వాత వచ్చే వంతుని ఇవాళే ఇచ్చెయ్యొచ్చు. అంటే తక్కెట్లో ఒక పక్క కళ్ళ ముందు స్కేట్లు కట్టుకుని తిరిగే కుర్రాడు, రెండో పక్క ఎవడో, ఎక్కడున్నాడో, ముక్కు తుడుచుకోవడం వచ్చో రాదో తెలియని పిల్లాడు. ఇలాంటి తూకం మెలకువగా ఉన్నవాడు వెయ్యలేడని ఎల్మర్ వాదన.

ఒకసారి ఆల్బర్టాలో ఒక మేనేజరు ఫోన్ చేశాడు. మా ఎడమ పక్క ఆడే కుర్రాడు కావాలిట. ఎల్మర్ ఫోను స్పీకరులో పెట్టి, కుర్చీ వెనక్కి వాల్చి, టోపీ కళ్ళ మీదికి లాక్కున్నాడు.

"రెండో రౌండు వంతు ఒకటి ఇస్తాం," అన్నాడు అవతలివాడు.

ఎల్మర్ పలకలేదు.

"సరే, వచ్చే ఏడు మూడో రౌండు వంతు కూడా కలుపుతాను."

ఎల్మర్ ముక్కులోంచి సన్నగా ఈల వచ్చింది.

"అబ్బ, మరీ అంత వెటకారం ఎందుకయ్యా? మా దగ్గర పదిహేడేళ్ళ గోల్‌కీపరు ఉన్నాడు, బంగారంలాంటి కుర్రాడు, వాణ్ణి కూడా తీసుకో. ఇంక నన్ను పిండకు."

అప్పుడు అసలు గుర్రు మొదలైంది. అవతలివాడు "ఇంత అవమానం ఎవరూ చెయ్యలేదు" అని ఫోను పెట్టేసి, మర్నాడు ఇంకో నాలుగో రౌండు వంతు కలిపి మళ్ళీ చేశాడు. ఆ దెబ్బతో ఎల్మరంత గడుసు బేరగాడు లేడని లీగంతా పేరొచ్చింది. నిజానికి ఆ మధ్యాహ్నం ఆయన మూడు గిన్నెల బీట్‌రూటు సూపు తాగాడు, అంతే. అంతా విని ఆయన "వద్దు" అన్నాడు. ఎందుకు వద్దని అడిగితే, "వాళ్ళూరు వెళ్ళి ఇంకా పడుకోలేదుగా," అన్నాడు.

నిద్రలో ఆయనకి కలలొచ్చేవి. వాటిని కమిటీ సమావేశంలో చెప్పేవాడు. జట్టు ఊరందరిదీ కాబట్టి దానికో కమిటీ ఉంది. అధ్యక్షురాలు బెవర్లీ స్టాడ్నిక్. ఆవిడకి ట్రాక్టర్ల దుకాణం ఉంది. ఆవిడ మామూలుగా మాట్లాడితే చాలు, నడుస్తున్న ట్రాక్టరు సిగ్గుపడి ఆగిపోతుంది. ఏ బేరమైనా చివరికి ఆవిడ ఊ అనాలి.

"మరి ఏమంటావు పావ్లిషిన్? మూడేళ్ళ తర్వాతి మొదటి రౌండు వంతు ఇస్తామంటున్నారు."

"రాత్రి ఆ వంతు కల్లోకొచ్చింది బెవమ్మా."

"వంతు కల్లోకి రావడమేవిటయ్యా?"

"పిల్లాడే. పన్నెండేళ్ళుంటాయి. మా పెరట్లో మంచులో నిలబడ్డాడు, నీలం టోపీ. లోపలికి రారా, పాలు కాస్తాను అన్నాను. రాలేదు."

"అంటే తీసుకుందామా, వద్దా?"

"వాడిప్పుడు మేనిటోబాలో ఎక్కడో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. మనం వాణ్ణి బేరంలో పెట్టామని వాడికి తెలీదు. పడుకోనిద్దాం."

కమిటీలో తొమ్మిదిమంది. వాళ్ళందరూ కిటికీ కేసి తిరిగారు. కిటికీ బయట మంచు సన్నగా పడుతోంది. ఆ తెల్లదనంలోకి చూస్తుంటే, దేశం నిండా దుప్పట్ల కింద ముడుచుకుని పడుకున్న పిల్లలు, ఏ జట్టుకి వెళ్తారో తెలియకుండా పెరుగుతున్న పిల్లలు నాక్కూడా కనిపించినట్టే అయింది. బెవర్లీ బల్ల మీద చరిచి, "తర్వాతి విషయం! పాప్‌కార్న్ మిషను పాడైంది!" అనేదాకా ఎవరమూ ఈ లోకంలో లేము.

బేరం ముదిరిందంటే ఎల్మర్ అవతలి ఊరు బయల్దేరేవాడు. "ఓసారి చుట్టాలింటికి వెళ్ళొస్తాను," అనేవాడు. ఏ ఊళ్ళోనైనా ఆయనకి చుట్టాలుండేవారు. ఒకచోట పెద్దమ్మ మనవరాలు, ఒకచోట మేనమామ తోడల్లుడు. అంతమంది చుట్టాలుంటే మనిషి హాకీలో ఎందుకున్నాడు, ఓట్లకి నిలబడితే ఏకగ్రీవమయ్యేది కదా అని ఊళ్ళో నవ్వుకునేవారు. వెళ్ళిన చోట పడుకునేవాడు, అదొక్కటే ఆయన చేసే పని. తిరిగొచ్చాక చెంప చూస్తే తెలిసేది. ఒకసారి ముతక సోఫా చారలు, ఒకసారి అల్లిక దిండు పువ్వులు.

ఒకసారి మా కుర్రాడొకడి కోసం రెండు మొదటి రౌండు వంతులు, వెనక కాపు కాసే పద్దెనిమిదేళ్ళ మంచి ఆటగాడు, అన్నీ పళ్ళెంలో పెట్టి ఇస్తామన్నారు. ఎల్మర్ వెళ్ళొచ్చి వద్దన్నాడు.

"ఎందుకు వద్దు బాబాయ్?" అని అడిగాను నేను.

"నిద్ర పట్టలేదురా."

"అదేం కారణం?"

"రైలు పట్టా పక్కనే."

"మనిద్దరం రైలెక్కట్లేదుగా?"

ఆయన నోట్లో పొద్దుతిరుగుడు గింజలు పోసుకున్నాడు. ఆ మర్నెల్లోనే అదే కుర్రాణ్ణి ఎక్కడో చిన్న ఊరికి ఒక రెండో రౌండు వంతుకే ఇచ్చేశాడు. అదేవిటంటే, "అక్కడ బాగా పట్టింది," అన్నాడు. మంగలిషాపులో ఆ వారమంతా అదే మాట. గుండ్రంగా గొరిగించుకుంటావా, నిద్రపోయి లేచి చెబుతావా అని మంగలి నన్ను కూడా అడిగాడు.

ఇలా నవ్వులాటగా సాగిపోతుండగా కేలబ్ నట్టల్ సంగతి వచ్చింది.

కేలబ్‌కి పదిహేడేళ్ళు. ఉత్తరాన, రోడ్లు కూడా చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీంచే వేసుకునే ఊరు వాడిది. వెనక కాపు కాస్తాడు. మిగతావాళ్ళు ముందుకి వెళ్ళేదానికన్నా వాడు వెనక్కి స్కేటింగు చెయ్యడమే వేగం. అలా వెనక్కి జారుతుంటే వాడి ముఖం ప్రశాంతంగా, ఎవరో వాడి కోసం వెనకాల తలుపు తీసి పట్టుకున్నట్టు ఉండేది. రేడియోలో అరవడం మానేసి నేను చూస్తూ ఉండిపోయిన సందర్భాలున్నాయి. పొద్దున్న పూట ప్రాక్టీసుకి మాత్రం తూలుతూ వచ్చేవాడు. ఎల్మర్ తాతకి సరైన మనవడు దొరికాడని మిగతా కుర్రాళ్ళు ఏడిపించేవారు.

ఆ ఏడు మేం పట్టికలో అడుగునుంచి రెండో వాళ్ళం. ఇలాంటప్పుడు ఉన్న మంచి కుర్రాణ్ణి ఇచ్చేసి, రాబోయే వంతులు పోగేసుకుని, మళ్ళీ మొదట్నుంచి కట్టుకు రావాలి. జనవరిలో ఒక రోజుతో బేరాలకి గడువు ముగుస్తుంది. ఆ మధ్యాహ్నం దాటితే ఇంక ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు. సముద్రం ఒడ్డున ఉన్న హార్బర్ సిటీ వాళ్ళు కేలబ్‌కి రెండు మొదటి రౌండు వంతులు, పైన పద్దెనిమిదేళ్ళ సెంటర్ ఆటగాణ్ణి ఇస్తామన్నారు. కోల్డ్ ఫోర్క్ అనే చిన్న ఊరి వాళ్ళు ఒక రెండో రౌండు వంతు, ఇంకా మీసం రాని పదహారేళ్ళ బక్క పిల్లాణ్ణి ఇస్తామన్నారు. ఈ రెండిట్లో ఏది బరువో చెప్పడానికి తక్కెడ కూడా అక్కర్లేదు.

గడువు వారంలో కేలబ్ ఆఫీసుకొచ్చాడు.

"తాతా, నన్ను ఇచ్చేస్తున్నారటగా?"

"ఎవరు చెప్పార్రా?"

"బెవర్లీ గారు. నాకు కాదు, ఆవిడ దుకాణంలో ఎవరికో ఫోన్లో చెబుతుంటే మాకు రింకులో, మంచు మీద ఆడుతుంటే, వినబడింది."

ఎల్మర్ నవ్వాడు. వాడు నవ్వలేదు. "ఎక్కడికైనా వెళ్తాను తాతా. ఆట ఎక్కడైనా ఆటే. కానీ కొత్త ఇల్లంటేనే..." అని నా వైపు చూసి ఆగిపోయాడు.

"నేనింకా పడుకోలేదు కదరా. నేను పడుకున్నాక మాట్లాడుకుందాం."

ఆ మాటకి బిగుసుకున్న వాడి భుజాలు వదులయ్యాయి. సరే తాతా అని వెళ్ళిపోయాడు. ఈ ముసలాయన కునుకు తీస్తే ఆ కుర్రాడికి ధైర్యమేమిటో నాకు బొత్తిగా అర్థం కాలేదు.

ఎల్మర్ హార్బర్ సిటీకి విమానంలో వెళ్ళాడు. అక్కడ వాళ్ళమ్మ తరఫు ఎవరో ఉన్నార్ట. రెండో రోజు తిరిగొచ్చాడు. చెంప నున్నగా ఉంది.

"నిద్ర పట్టలేదు బెవమ్మా," అన్నాడు.

బెవర్లీ గొంతుకి దుకాణంలో తాళంచెవులు గలగలాడాయి. "రెండు మొదటి వంతులు పావ్లిషిన్! రెండు! ఇంకా పదేళ్ళ దాకా ఈ ఊళ్ళో ఎవరికీ రావు అలాంటివి! నీ నిద్ర కోసం వదులుకోవాలా? విను. రేపు మధ్యాహ్నంలోపు ఆ బేరం కుదిరిందా, సరే. కుదరలేదా, నువ్వు హాయిగా ఇంటి దగ్గర పడుకుందువు గాని, రోజంతా. ఆ కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెడతాను. మెలకువగా ఉండేవాణ్ణి!"

"రేపు పొద్దున్న కోల్డ్ ఫోర్క్ వెళ్ళొస్తానమ్మా. మధ్యాహ్నానికి వచ్చేస్తాను."

"అక్కడెవరున్నారు?"

"మా అత్తయ్య తరఫు..."

"ఫో!"

ఆయన వెళ్ళగానే ఆవిడ నన్ను మూలకి లాగింది. "చుట్టాలూ లేరు, పక్కాలూ లేరు. వీడు ఊరూరా తిరిగి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. మన కుర్రాళ్ళని చవగ్గా ఇచ్చి అక్కడ కుర్చీ వేసుకుందామని చూస్తున్నాడు. రేపు వాడి వెనకాలే వెళ్ళు. వాడు ఏ ఇంటికి వెళ్తాడో, ఎవరితో కూర్చుంటాడో చూసి రా." రహస్యమని ఆవిడ గొంతు తగ్గించే చెప్పింది. రోడ్డవతల బ్యాంకులో వాళ్ళకి మాత్రమే వినబడి ఉంటుంది.

నాకది నచ్చలేదు. అయినా వెళ్ళాను. ఒకవేళ నిజమైతే ఆ ముసలాయన మీద నాకున్న ప్రేమంతా ఏం చేసుకోవాలో తెలియదు. తెల్లారి చాలాసేపయినా వెలుగు రాలేదు. పొలాల మీద మంచుపొగ పరుచుకుని ఆకాశమూ నేలా ఒకే గుడ్డతో కుట్టినట్టున్నాయి. ముందు ఎల్మర్ ట్రక్కు ఎర్ర దీపాలు మాత్రం కనిపిస్తూ, మాయమవుతూ, కనిపిస్తూ ఉన్నాయి. కారు నడుపుతున్నానో, ఎవరి కల్లోనో కూర్చున్నానో తెలియలేదు. ఎల్మర్ లోకం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది కాబోలు అనిపించింది.

కోల్డ్ ఫోర్క్‌లో ఆయన ఒక పసుపుపచ్చ ఇంటి ముందు ఆగి, బూట్ల మంచు దులుపుకుని లోపలికి వెళ్ళాడు. నేను వీధి చివర కారులో కూర్చున్నాను. ముప్పావుగంట గడిచింది. వేళ్ళు కొంకర్లు పోయాయి. గడువు గుర్తొస్తోంది. ఇంక లాభం లేదని వెళ్ళి తలుపు తట్టాను.

పిండి చేతులతో ఒకావిడ తలుపు తీసి, నేను నోరు తెరవకముందే పెదాల మీద వేలు పెట్టింది.

"ష్. మెల్లగా. మీ మనిషేనా?"

"ఎవరు?"

"లోపల మేనేజరు గారు. కొత్త కుర్రాడికి మేమిచ్చే గది చూడ్డానికి వచ్చారు. దూరం నుంచి వచ్చాను, కాసేపు నడుం వాలుస్తానమ్మా అన్నారు. ఇప్పుడు నిద్రలో నడుస్తున్నారు."

లోపలికి తొంగిచూశాను. ఎల్మర్ పావ్లిషిన్, అరవై ఎనిమిదేళ్ళ మనిషి, ఊలు సాక్సులతో, ప్యాంటు పట్టీలు జారిపోయి, కళ్ళు మూసుకుని వంటింటి మధ్యలో నడుస్తున్నాడు. బల్లని గుద్దుకోకుండా చక్కగా పక్కకి తిరిగాడు. నిద్రలో అంత జాగ్రత్తగా తిరిగేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. తిన్నగా వెలుగుతున్న పొయ్యి వైపు వెళ్తున్నాడు. నా బూటు చప్పుడుకి ఒక కన్ను తెరిచాడు. నన్ను చూశాడు. గభాల్న మూసేశాడు. కానీ చెవులు ఎర్రబడ్డాయి.

ఆవిడ పేరు టీనా వీబ్. ఆవిడ కేక వెయ్యలేదు. ముందు వెళ్ళి పొయ్యి ఆర్పేసింది. తర్వాత పిండి చేతుల్ని ఏప్రన్‌కి తుడుచుకుని, ఆయన మోచెయ్యి పట్టుకుంది. "ఇటు రండి నాన్నా. ఇటు. అదుగో, గుమ్మం ఉంది, కాలెత్తండి. బంగారం." అలా మాట్లాడుతూనే గదిలోకి తీసుకెళ్ళి, మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి మెడ దాకా కప్పి, మెట్ల దగ్గర ఓ కుర్చీ అడ్డం పెట్టి వచ్చింది. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను.

"అలాంటివాళ్ళని గట్టిగా పిలిచి లేపకూడదండీ. బెదిరిపోతారు," అంది నాతో. "మా చెల్లి పెళ్ళయ్యేదాకా అంతే. కూర్చోండి, రొట్టె ఇప్పుడే దింపాను. పాపం పెద్దాయన, ఇంత బాధ పెట్టుకుని ఉద్యోగం ఎలా చేస్తున్నారో."

ఇరవై నిమిషాలకి ఎల్మర్ ఆవులిస్తూ బయటికొచ్చి, నన్ను చూసి ఎక్కడలేని ఆశ్చర్యం నటించాడు. ఆవిడకి థాంక్స్ చెప్పి, నాలుగు రొట్టెలు పుచ్చుకుని, నన్ను తన ట్రక్కులోకి ఎక్కించుకున్నాడు. నా కారు అక్కడే వదిలేశాం.

ఊరు దాటాక రొట్టె తుంచి ఆయనకో ముక్క ఇచ్చాను.

"కేలబ్ నిద్రలో నడుస్తాడురా," అన్నాడు చివరికి. "వాడుంటున్న ఇంటావిడకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. కిందటేడు సాక్సులతో మంచులోకి వెళ్ళిపోయాడు. ఆవిడ చూసింది కాబట్టి సరిపోయింది."

"మరి ఆ సంగతి వాళ్ళ మేనేజరుకి ఫోన్లో చెప్పొచ్చు కదా బాబాయ్?"

"చెబితే సాయంత్రానికి లీగంతా తెలుస్తుంది. రేపు రింకులో జనం చేతులు చాపుకుని నడిచి చూపిస్తారు. వాడికి పదిహేడేళ్ళురా. తెలియకుండానే చూసుకోవాలి."

"అందుకని నువ్వు నడిచావా?"

"మరేం చెయ్యను? అడిగితే అందరూ బాగానే చూసుకుంటామంటారు."

హార్బర్ సిటీలో ఇల్లు దివ్యంగా ఉందిట. నేల కూడా వెచ్చగా ఉండేలా వేయించుకున్నార్ట. ఎల్మర్ కళ్ళు మూసుకుని హాల్లోకి రాగానే ఇంటాయన గిన్నె మీద గరిటెతో చెవి దగ్గర టంగుమని కొట్టాడు. పిల్లల్ని పిలిచి ఫోన్లో వీడియో తీయించాడు. "మంచివాళ్ళే. సరదా మనుషులు. కానీ అక్కడ వాడు నిద్రపోలేడు," అన్నాడు ఎల్మర్.

నాకు అప్పుడు ఒక్కొక్కటీ వెలిగింది. రైలు పట్టా పక్క ఇంటికి ఎల్మర్ పంపనన్న కుర్రాడికి చిన్న చప్పుడికే తలనొప్పి. ఇంకొకడికి కుక్కలంటే హడల్. ఒకడికి ఆ ఏడే వాళ్ళ నాన్న చనిపోయాడు. ఆయన ప్రతి చోటా ఆ కుర్రాడికిచ్చే మంచం మీద వాడిలా పడుకుని చూశాడు. మేమంతా తక్కెట్లో వంతులు వేస్తుంటే ఆయన దిండ్లు తూచాడు. మా ఊరికి ఇలాంటివాడు దొరకడం ఎంత అదృష్టమో తెలియక, మంగలిషాపులో కూర్చుని నేనే అందరికన్నా ఎక్కువ నవ్వాను.

"ఈ రోజు బాగా పట్టిందా బాబాయ్?"

"దుప్పటి కప్పాక నిజంగానే పట్టేసిందిరా," అన్నాడు సిగ్గుపడుతూ.

మేం దుకాణానికి చేరేసరికి గడువుకి ఇంకా కొంచెం టైముంది. బెవర్లీ ఫోను చెవికి పెట్టుకుని ఉంది. మమ్మల్ని చూసి దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. "హార్బర్ సిటీ! ఇంకో రెండో రౌండు వంతు కలిపారు! ఊ అను పావ్లిషిన్. ఒక్క ఊ!"

"కోల్డ్ ఫోర్క్‌కి ఇద్దామమ్మా," అన్నాడు ఎల్మర్. "నాకు అక్కడ నిద్ర పట్టింది."

"అయితే నీ పని అయిపోయింది!"

"సరేనమ్మా. వాణ్ణి అక్కడికి పంపించి, ఆ తర్వాత నన్ను తీసెయ్యండి. ఆ వరసలో."

టోపీ తీసి కౌంటరు మీద పెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. ఎల్మర్ "ఒరేయ్ రస్, చెప్పకు" అంటూనే ఉన్నాడు, ఆవిణ్ణి విడిభాగాల గదిలోకి తీసుకెళ్ళి తలుపేసి అంతా చెప్పేశాను. మంచులో సాక్సులు, గిన్నె మీద గరిటె, పసుపుపచ్చ ఇల్లు, అన్నీ. బెవర్లీ చేతిలో ఫోను అలాగే ఉంది. అంతసేపు ఆవిడ మాట్లాడకపోవడం నేను మొదటిసారి చూశాను.

"ఆవిడ ముందు ఏం చేసింది?" అని అడిగింది.

"పొయ్యి ఆర్పేసింది."

"ఆ తర్వాతేగా చెయ్యి పట్టుకుంది?"

"అవును."

ఆవిడ తలుపు అద్దంలోంచి బయటికి చూసింది. ఎల్మర్ ఒక ట్రాక్టరు చక్రానికి చేరబడి మెడ వాల్చి ఉన్నాడు. బెవర్లీ ఫోను చెవికి పెట్టుకుంది. "హలో, ఉన్నారా? క్షమించండి. మీ మాట గొప్పదే. కానీ కుదరదు. మా మేనేజరుకి మీ ఊళ్ళో నిద్ర పట్టలేదట. అంతేనండీ. ఉంటాను." అవతలివాడు ఏమన్నాడో ఆవిడ వినలేదు. వెంటనే కోల్డ్ ఫోర్క్‌కి చేసింది.

కేలబ్ టీనా వీబ్ ఇంట్లో రెండేళ్ళున్నాడు. ఇదంతా నేనిప్పుడు బయటపెట్టొచ్చు. మొన్న తన పెళ్ళి విందులో మైకు పట్టుకుని వాడే చెప్పేశాడు. ముందు వరసలో కూర్చున్న టీనాని చూపించి, పెళ్ళికూతురితో, "నీకేమైనా సందేహాలుంటే ఈవిణ్ణి అడుగు," అన్నాడు. మా జట్టు సంగతంటారా, ఆ ఏడు అడుగునుంచి రెండో స్థానంలోనే ఉన్నాం. ఒక మెట్టు కూడా దిగలేదు.

గడువు మర్నాడు ఇంకో చిక్కు వచ్చింది. బేరంలో మాకొచ్చిన బక్క పిల్లాడికి మా ఊళ్ళో గది లేదు. బెవర్లీ ఇంట్లో మూడు ఖాళీ గదులు. ఇన్నేళ్ళలో ఒక్క కుర్రాణ్ణీ పెట్టుకోలేదు. తన గొంతుకి పిల్లలు బెదిరిపోతారని ఆవిడే అనేది.

"ఓసారి గది చూస్తానమ్మా," అన్నాడు ఎల్మర్.

"చూడు. చూడ్డానికేముంది. మంచం, బల్ల, దీపం," అంది ఆవిడ.

ఆయన చూశాడు. దూరం నుంచి వచ్చాను, కాసేపు నడుం వాలుస్తానన్నాడు. ఆయనిల్లు ఆ వీధిలోనే, నాలుగో ఇల్లు. బెవర్లీ నాకేసి చూసి, పొయ్యి మీద కాఫీ పెట్టింది.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఎల్మర్ ఊలు సాక్సులతో, కళ్ళు మూసుకుని వంటింట్లోకి వచ్చాడు.

"నువ్వు మెలకువగా ఉన్నావని నాకు తెలుసు పావ్లిషిన్," అంది బెవర్లీ.

ఆయన కళ్ళు తెరవలేదు. కుర్చీని చక్కగా తప్పుకుని పొయ్యి వైపు నడిచాడు.

"నాకు తెలుసని నీకూ తెలుసు."

ఆయన ఇంకో అడుగు వేశాడు. ఆవిడ ఒక్క క్షణం అలాగే నిలబడింది. తర్వాత చెయ్యి చాపి పొయ్యి ఆర్పేసింది. వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకుంది.

"ఇటు," అంది. ఆవిడ గొంతులో అంత చిన్న మాట ఉందని నాకు తెలియదు. "మెల్లగా. రగ్గు ఉంది, కాలెత్తు. ఆఁ, ఇటు."

ఎల్మర్ బుద్ధిగా నడిచాడు. పెదాల చివర వస్తున్న నవ్వుని మాత్రం ఆపుకోలేకపోయాడు. ఆవిడ ఆయన్ని పడుకోబెట్టి, దుప్పటి కప్పి, చాలలేదేమో అని ఇంకోటి తెచ్చి కప్పింది. బయటికొచ్చేసరికే లోపల గుర్రు మొదలైంది. ఈసారి అది నటన కాదు, నాకు తేడా తెలుసు.

"అయితే పాసైనట్టేగా? మరి ఆ కుర్రాడు ఎప్పుడొస్తాడో కోల్డ్ ఫోర్క్‌కి ఫోన్ చేసి కనుక్కోనా?" అన్నాను నేను.

బెవర్లీ స్టాడ్నిక్ పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ఎందుకయ్యా అంత గట్టిగా అరుస్తావు," అంది గుసగుసగా. "పడుకున్నాడు కదా."